నిలబడి విన్నా... వియన్నా!

తెల్లటి విగ్గు, ఎర్రటి మఖమల్ కోటు, మోకాళ్ల దాకా తెల్ల మేజోళ్లు. వియన్నా నడిబొడ్డున సెయింట్ స్టీఫెన్స్ చర్చి ముందు సాక్షాత్తూ మొజార్ట్ ఎదురొచ్చాడు. ఒక్కడు కాదు, అరడజను మంది మొజార్ట్‌లు! చేతిలో ఫైలు పట్టుకుని ‘మేడమ్, ఈ రాత్రికే కచేరీ... మీకు మాత్రమే డిస్కౌంటు’ అంటూ ఒకరిని మించి ఒకరు పిలుస్తున్నారు. బస్టాండు బయట ‘బెజవాడ, బెజవాడ, ఒక్కసీటే’ అని అరిచే వ్యాన్లవాళ్లు గుర్తొచ్చారు.

అక్కడ మోసపోని దాన్ని ఇక్కడ మోసపోయా. యాభై యూరోలు. అప్పటి లెక్కలో మూడున్నర వేల రూపాయలకు పైనే.

ఆ రాత్రి ఓ చిన్న హాల్లో కుర్చీల్లో కూర్చున్నాం. అందరం కెమెరాలు మెళ్లో వేసుకున్న పర్యాటకులమే. ఆ ఊరివాళ్లు ఒక్కరూ ఉన్నట్టు లేరు. అయిదారుగురు వాద్యకారులు సెల్‌ఫోను రింగుటోన్లలో విన్న ముక్కలన్నీ వరసగా వాయించారు. తప్పేం వాయించలేదు. కానీ నా పక్కాయన గురక పెట్టాడు. నిజం చెప్పొద్దూ, రెండో సగంలో నేనూ కునుకు తీశా.

అది 2017 వసంతం. జర్నలిస్టుల శిక్షణ కోసం వారం రోజులు వియన్నా వెళ్లా. రోజుకింత అని లెక్కగట్టి ఇచ్చే భత్యం. అందులో రెండు రోజుల తిండి ఖర్చు ఒక్క కునుక్కి పోయింది. డబ్బు పోయిన బాధ ఒకటైతే, ‘ఈ సంగీతాలూ అవీ మనలాంటివాళ్ల కోసం కాదులే’ అనిపించిన బాధ ఇంకోటి.

కాఫీ ఒకటి... కాలం బోలెడు!

ఉసూరుమంటూ నడుస్తుంటే డొరొథేయర్ అనే సన్నటి వీధిలో ‘హవెల్కా’ కనిపించింది. 1939లో లియోపోల్డ్ హవెల్కా, ఆయన భార్య జోసెఫీన్ మొదలుపెట్టిన కాఫీ హోటలది. ఆయన నిండా వందేళ్లు బతికి 2011లో పోయారు. లోపల మసక దీపాలు, గోడల నిండా బొమ్మలు, పోస్టర్లు, అరిగిపోయిన సోఫాలు. పట్నంలో పాత ఇరానీ హోటల్‌కి వెళ్లినట్టే ఉంటుంది. రాత్రిపూట రేగుపండు జామ్ లాంటిది కూరిన వేడివేడి తీపి బన్నులు పెడతారు. ‘బుఖ్టెల్న్’ అంటారు. కూరింది నిజానికి ప్లమ్ జామ్.

వియన్నాలో ‘కాఫీ’ అని అడిగితే ఏ కాఫీ అని అడుగుతారు. పాల నురగతో ఉండేది ‘మెలాంజ్’. గాజు గ్లాసులో నల్ల కాఫీ పోసి పైన గంపెడు మీగడ పెడితే ‘ఐన్‌ష్పేనర్’, అంటే ఒంటిగుర్రం బండి. చలిలో బండి తోలేవాళ్లకు ఆ మీగడ మూతలా పనిచేసి కాఫీని చల్లారనిచ్చేది కాదట. ఏది అడిగినా వెండి రంగు పళ్లెంలో పెట్టి, పక్కనే గ్లాసెడు మంచినీళ్లతో తెస్తారు. ఆ నీళ్లు ఆషామాషీ కాదు. ఆల్ప్స్ కొండల ఊటనీటిని సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి గొట్టాల్లో ఊళ్లోకి తెచ్చారు. 1873 నుంచీ ఇదే ఏర్పాటు. కాబట్టి వియన్నాలో నీళ్ల సీసా కొనేవాడికన్నా అమాయకుడు లేడు. కుళాయి తిప్పుకుని తాగడమే.

టర్కీ సైన్యం 1683లో వియన్నాను ముట్టడించి ఓడిపోయి పారిపోతూ కాఫీగింజల బస్తాలు వదిలేసిందని, వాటితోనే ఇక్కడ కాఫీ మొదలైందని ఓ కథ చెబుతారు. కథ బాగుంటుంది. చరిత్రకారులు మాత్రం మొదటి కాఫీ హోటల్ ఘనత 1685లో యోహన్నెస్ డియోడాటో అనే ఆర్మీనియన్ వ్యాపారికి ఇస్తారు. మొత్తానికి ఈ కాఫీ హోటళ్ల సంస్కృతిని 2011లో ఆస్ట్రియా తన వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది.

అందులో అంత గొప్పేముంది? ఒక్క కాఫీ తాగి రెండు గంటలు కూర్చున్నా ఎవరూ ‘ఇంకేం కావాలి’ అని తరమరు. కర్రకు తగిలించిన పేపర్లు చదువుకోవచ్చు, ఉత్తరాలు రాసుకోవచ్చు, చదరంగం ఆడుకోవచ్చు. సెంట్రల్ అనే కాఫీ హోటల్లో రష్యా విప్లవానికి ముందు ట్రాట్‌స్కీ అలాగే చదరంగం ఆడుతూ కూర్చునేవాడు. మన హోటళ్లలో ‘ఎక్కువసేపు కూర్చోరాదు’, ‘రాజకీయాలు మాట్లాడరాదు’ అని బోర్డులుంటాయి కదా! ఆ రెండూ చేయడానికే వియన్నా కాఫీ హోటల్ పుట్టిందనుకోండి.

ఆ రాత్రి హవెల్కాలో చోటు లేక ఓ పెద్దావిడ బల్ల దగ్గరే కూర్చోబెట్టారు. డెబ్బై దాటి ఉంటాయి. మాటల్లో నా కచేరీ కథ చెబితే పకపకా నవ్వింది.

“నువ్వు మొజార్ట్ విగ్గుకి డబ్బిచ్చావు. రేపు సాయంత్రం ఒపెరాకి వెళ్లు. నాలుగు యూరోలు.”

“నాలుగా?”

“నిలబడి చూడాలి. నేను చదువుకునే రోజుల నుంచీ నిలబడే చూస్తున్నా. కూర్చుంటే నిద్రొస్తుంది, ఇవాళ నీకు వచ్చినట్టు!” అని, వెళ్తూ వెళ్తూ ఓ మాట చెప్పింది. “మర్చిపోకుండా ఓ రుమాలు తీసుకెళ్లు.”

ఎందుకో చెప్పలేదు. కళ్లు తుడుచుకోవడానికేమో అనుకున్నా.

పూతరేకుకి చుట్టం

మర్నాడు శిక్షణకు సెలవు. చేతిలో డబ్బు తక్కువ, రోజు మాత్రం మొత్తం మనదే. పొద్దున్నే నాష్‌మార్క్ట్‌కి వెళ్లా. వియెన్ నదిని కప్పేసిన చోట కిలోమీటరు పైచిలుకు పొడవున సాగే బజారిది. ఆలివ్‌లు, చీజ్‌లు, టర్కీ మిఠాయిలు, మసాలాలు. కొనకపోయినా రుచి చూడమని చేతిలో పెడతారు. శనివారాల్లో పక్కనే పాత సామాన్ల సంత కూడా జరుగుతుంది.

అక్కడికి దగ్గర్లోనే ‘ఆప్‌ఫెల్‌ష్ట్రూడెల్’ తిన్నా. పలచటి పిండి పొరలో ఆపిల్ ముక్కలు, దాల్చినచెక్క, ఎండుద్రాక్ష చుట్టి కాల్చేది. ఆ పొరను చేతుల మీద సాగదీసి సాగదీసి, కింద పేపరు పెడితే అక్షరాలు కనపడేంత పలచగా చేయాలట. అప్పుడే పనితనం ఉన్నట్టు. ఆత్రేయపురం పూతరేకు చేసే అక్కలకు చూపిస్తే ‘మాకు చుట్టమే’ అంటారు. ‘కైజర్‌ష్మార్న్’ అనేదీ తినాల్సిందే. మెత్తటి దిబ్బరొట్టె లాంటి తీపి అట్టును పెనం మీదే ముక్కలుగా చీల్చి, పైన పంచదార చల్లి, ఉడికించిన ప్లమ్ పళ్లతో ఇస్తారు. ఒక్క ప్లేటు ఇద్దరికి సరిపోతుంది. గుడ్డు తిననివాళ్లు మాత్రం ముందే అడగాలి.

పేరున్న కేకు సంగతి కూడా చెప్పాలి. 1832లో రాజుగారి మంత్రి మెటర్నిక్ ఇంటి విందు కోసం ఫ్రాంజ్ జాకర్ అనే 16 ఏళ్ల కుర్రాడు చేసిందంటారు, ‘జాకర్ టోర్టె’ అనే చాక్లెట్ కేకు. ‘అసలైనది మాది’ అంటూ జాకర్ హోటల్, డెమెల్ మిఠాయి కొట్టు ఏళ్ల తరబడి కోర్టులో కొట్టుకున్నాయి. 1963లో గానీ తగవు తేలలేదు. ‘అసలైనది’ అనే మాట జాకర్‌కు దక్కింది. మన కాకినాడ కాజా, బందరు లడ్డూ కొట్ల ముందు ‘మాకు వేరే బ్రాంచీలు లేవు’ అని రాస్తారే, అలాంటి పట్టుదలే ఇదీ. నాకైతే కేకుకన్నా ఆ కోర్టు కథే రుచిగా అనిపించింది.

మాంసాహారులు ష్నిట్‌జెల్ తినకుండా రారు. పలచగా కొట్టిన మాంసం ముక్కకు బ్రెడ్ పొడి అద్ది వేయిస్తారు. అది పళ్లెం దాటి బయటికి వేలాడుతుంది. ఊరికే ‘వీనర్ ష్నిట్‌జెల్’ అని రాసి ఉంటే అది దూడమాంసం. పంది మాంసంతో చేస్తే ఆ సంగతి విడిగా రాయాలి. కాబట్టి మెనూ చదివి, అడిగి, ఆ తర్వాతే ఆర్డరివ్వండి.

మరి అన్నం, పప్పు? ఉన్నాయి! వోటివ్ చర్చికి దగ్గర్లో ‘వీనర్ దీవాన్’ అని ఓ పాకిస్థానీ వంటల హోటల్ 2005లో మొదలైంది. నేను వెళ్లినప్పుడు పప్పు, రెండు మూడు కాయగూరల కూరలు, మాంసం కూరలు వరసగా పెట్టారు. తిన్నంత తినొచ్చు, తోచినంత ఇవ్వొచ్చు. బిల్లే ఉండదు. నాకు ముందు భయమేసింది. పక్కనే కాలేజీ పిల్లలు మూడోసారి వడ్డించుకుంటున్నారు, ఓ పెద్దాయన ఒక్క ప్లేటు తిని పెద్ద నోటు పెట్టి వెళ్లిపోయాడు. వాడి లోటు వీడితో పూడుతోందన్నమాట. వారం తర్వాత తిన్న మొదటి అన్నం ముద్దకి నేనెంత ఇచ్చానో మాత్రం చెప్పను. మొజార్ట్ విగ్గుకి ఇచ్చినంత మాత్రం కాదు.

బొమ్మలో బంతి భోజనం

కడుపు నిండాక కళ్లకు. కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియం 1891లో తెరిచారు. రాజులు కూడబెట్టిన కళాఖండాలన్నీ అక్కడున్నాయి. అన్నీ చూడాలంటే కాళ్లు పడిపోతాయి. నేను ఒక్క గది పెట్టుకున్నా. పీటర్ బ్రూగెల్ అనే 16వ శతాబ్దపు చిత్రకారుడి గది. ఆయన బొమ్మలు ఒకేచోట ఇన్ని ఉన్నది ప్రపంచంలో ఇక్కడే.

అందులో ‘పల్లెటూరి పెళ్లి’ అనే బొమ్మ ముందు గంటసేపు నిలబడిపోయా. ధాన్యం నూర్చే కొట్టంలో పెళ్లి భోజనాలు. తలుపు రెక్క లాంటి చెక్క మీద గిన్నెలు పెట్టి ఇద్దరు మోసుకొస్తున్నారు. ఒకతను జగ్గుల్లో పోస్తున్నాడు. ముందు కూర్చున్న పిల్ల నెమలీక పెట్టిన పెద్ద టోపీలో మునిగిపోయి వేలు నాకుతోంది. పెళ్లికూతురు ఆకుపచ్చ గుడ్డ ముందు చేతులు కట్టుకుని సిగ్గుపడుతోంది. దాదాపు 450 ఏళ్ల నాటి విందు. అచ్చం మన ఊళ్లో పందిట్లో బంతి లేచే ముందు హడావుడే!

ఆ సందడిలో ఒకడు నన్ను పట్టుకున్నాడు. సంచీ బూర వాయించేవాడు. వాయించడం ఆపి, వెళ్తున్న గిన్నెల వంక ఆకలిగా చూస్తున్నాడు. అందరూ తిన్నాక గానీ వాడికి విస్తరి పడదు.

ఆ చూపు నాకు తెలుసు. మాది తెనాలి. నాన్న పగలు బట్టల కొట్లో గుమస్తా, రాత్రి పద్యనాటకాలకు హార్మోనియం. చుట్టుపక్కల ఊళ్లలో ‘హరిశ్చంద్ర’ ఆడితే కాటిసీను అయ్యేసరికి తెల్లారేది. ఇంటికొచ్చి అమ్మ ఉంచిన చద్దన్నం తినేవాడు. ‘ఏం పెట్టారు?’ అని అమ్మ అడిగితే ‘అయిదు వన్స్‌మోర్‌లు’ అనేవాడు. అమ్మ అడిగింది డబ్బు గురించి.

చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్లేవాడు. పెద్దయ్యాక నాకు నామోషీ వచ్చింది. రాగం తీసీ తీసీ చంపుతారని స్నేహితుల దగ్గర వెక్కిరించేదాన్ని. నేను ఇంటర్ చదివేటప్పుడు నాన్న జట్టు చివరి నాటకం వేసింది. ‘రామ్మా, ఇదే ఆఖరు’ అన్నాడు. టీవీలో ఏదో సినిమా వస్తోందని వెళ్లలేదు. ఆ తర్వాత హార్మోనియం అటక ఎక్కింది. ఆయన ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. అదే ఇబ్బంది.

రుమాలు వేస్తే చోటు మనదే!

సాయంత్రం స్టేట్ ఒపెరా పక్క గుమ్మం దగ్గర క్యూలో నిలబడ్డా. ఆట మొదలయ్యే 80 నిమిషాల ముందు కౌంటర్ తెరుస్తారు, కానీ జనం రెండు గంటల ముందే వస్తారు. మడత స్టూళ్లు, పుస్తకాలు, రొట్టెముక్కలు తెచ్చుకున్నారు. కాలేజీ పిల్లలు, టీచరమ్మలు, కర్ర పట్టుకున్న తాతలు. అంతా ఊరివాళ్లే.

ఈ భవనం 1869లో మొజార్ట్ ‘డాన్ జొవాని’తో మొదలైంది. 1945 మార్చి 12న బాంబులు పడి వేదిక, ప్రేక్షకుల హాలు తగలబడిపోయాయి. యుద్ధంలో చితికిపోయిన దేశం దాన్ని పదేళ్లలో మళ్లీ కట్టుకుంది. 1955 నవంబరు 5న బీతోవెన్ ‘ఫిడేలియో’తో తెరిచారు. విదేశీ సైన్యాలు ఆస్ట్రియాను వదిలి వెళ్లింది కూడా ఆ ఏడాదే. ఆ ఊరికి ఒపెరా అంటే డబ్బున్నవాళ్ల వినోదం కాదు. అందుకేనేమో సీటు వందల యూరోలు పలికే హాల్లో, సరిగ్గా వేదికకు ఎదురుగా, మంచి చోటునే నిలబడేవాళ్లకు వదిలారు. మొత్తం నాలుగైదు వందల మంది నిలబడొచ్చు. అప్పుడు టికెట్టు మూడు, నాలుగు యూరోలు. ఆ తర్వాత పెరిగింది కానీ, ఇప్పటికీ సీటు ధర ముందు చిల్లరే.

నాలుగు యూరోల టికెట్టుతో లోపలికి పరుగు. తీరా చూస్తే ముందువాళ్లంతా ఇత్తడి కమ్మీలకు రుమాళ్లు, స్కార్ఫులు కడుతున్నారు. కట్టేసి హాయిగా బయటికెళ్లి తిని వస్తున్నారు. ఎవరి రుమాలును ఎవరూ కదపరు. అప్పుడర్థమైంది పెద్దావిడ మాట! నాకు నవ్వాగలేదు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుకున్న జాతి మనది. మనకు ఇది ఒకరు నేర్పాలా? నా చున్నీ తీసి బిగించి కట్టా.

ఆ రోజు పుచ్చీని రాసిన ‘టోస్కా’. 1900లో రోమ్‌లో మొదటిసారి ఆడిన కథ. టోస్కా గాయని. ఆమె ప్రేమించినవాడు చిత్రకారుడు. మధ్యలో ఓ దుర్మార్గపు పోలీసు అధికారి. కమ్మీకి బిగించిన చిన్న తెరల మీద మాటల అర్థం ఇంగ్లిషులో వస్తుంది కాబట్టి కథ తెలియదనే బెంగ లేదు. మైకులు లేవు. అంత హాలుకీ గొంతు ఒక్కటే.

మూడో అంకంలో తెల్లారితే ఆ చిత్రకారుడిని కాల్చి చంపుతారు. చివరి ఉత్తరం రాస్తూ రాయలేక ఆగిపోయి, తన ప్రేమను తలచుకుంటూ పాడతాడు. ఆ గొంతు సన్నగా లేచి, ఆగి, విరిగి, మళ్లీ లేచింది. చుట్టూ ఎవరూ ఊపిరి తీయడం లేదు. నా కళ్ల ముందు మాత్రం కాటికాపరి వేషంలో హరిశ్చంద్రుడు, వెనకాల చీకట్లో తల వంచుకుని ఆ రాగానికి ఆసరాగా హార్మోనియం పడుతున్న నాన్న. నేను చంపుతారన్న రాగం ఇదే. రుమాలు కమ్మీకి కట్టేశా కదా, కళ్లు చేత్తోనే తుడుచుకోవాల్సి వచ్చింది.

చప్పట్లు హోరెత్తాయి. పక్కనున్న కుర్రాడు ఓ ముచ్చట చెప్పాడు. ముందటేడు, అంటే 2016 ఏప్రిల్‌లో, ఇక్కడే ఇదే పాటకు చప్పట్లు ఆగకపోతే గాయకుడు యోనాస్ కౌఫ్‌మన్ మళ్లీ పాడారు. తర్వాత కథానాయిక రావాలి. రాలేదు! వాద్యాలు వాయిస్తూనే ఉన్నాయి. ఆయన అదే బాణీలో ‘మనకు నాయిక లేదు’ అని పాడేసరికి హాలంతా గొల్లుమందట. మన నాటకాల్లో హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకున్నాక చంద్రమతి టీ తాగుతూ ఉండిపోయిన కథలు నాన్న ఎన్ని చెప్పాడో!

బయటికొచ్చేసరికి పదిన్నర. ఆకలి. ఒపెరా వెనక ఆల్బెర్టీనా మ్యూజియం పక్కన ఓ సాసేజీల బండి ఉంది. వజ్రాల నగలు పెట్టుకున్న ఆవిడలు, టాక్సీ డ్రైవర్లు, నాలాంటి నాలుగు యూరోలవాళ్లు ఒకే బల్ల చుట్టూ నిలబడి తింటున్నారు. లోపల చీజ్ నింపిన సాసేజీ కొరికితే సలసలా కారుతుంది, జాగ్రత్త. పంది మాంసం తిననివాళ్లు బ్రెడ్డూ ఆవాల ముద్దతో సరిపెట్టుకోవాలి. 2024లో ఈ బళ్లను కూడా ఆస్ట్రియా వారసత్వ జాబితాలో చేర్చారు. చేర్చరూ మరి!

అక్కడి నుంచే ఇంటికి ఫోన్ చేశా. మనకు తెల్లవారుజాము. నాన్న ఎప్పుడూ ఆ వేళకే లేస్తాడు.

“నాన్నా, ఇక్కడ నాటకం చూశా. మూడు గంటలు నిలబడి.”

“నిలబడా? కాళ్లు నొప్పులమ్మా. కూర్చోవడానికి లేవా?”

“నిలబడితేనే బాగుంటుందట. ఒకాయన పాడాడు నాన్నా...” అని ఆగిపోయా. ఇంకేం చెప్పాలో తెలియలేదు.

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు. “వన్స్‌మోర్ కొట్టారా?”

మీరూ వెళ్తే జులై, ఆగస్టుల్లో ఒపెరా ఉండదని గుర్తుపెట్టుకోండి. ఆ రోజుల్లో టౌన్‌హాలు ముందు మైదానంలో పెద్ద తెర కట్టి ఒపెరాలు, కచేరీలు ఉచితంగా చూపిస్తారు. చుట్టూ రకరకాల తిండి అంగళ్లు. ఆదివారం కొట్లు మూసేస్తారు, మ్యూజియాలు పెట్టుకోండి. విగ్గువాళ్లకు నమస్కారం పెట్టి ముందుకెళ్లండి.

ఆ మరుసటి సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు పక్క ఊళ్లో ‘హరిశ్చంద్ర’ వేస్తున్నారని తెలిసింది. ‘వెళ్దామా నాన్నా?’ అంటే నమ్మనట్టు చూశాడు. నేను ముందెళ్లా, ఆయన చెప్పులు వేసుకుని నెమ్మదిగా వచ్చాడు. పందిట్లో మూడొందల కుర్చీలు. నలభై మంది ఉన్నారేమో. ఎక్కడ పడితే అక్కడ కూర్చోవచ్చు.

అయినా ముందు వరసలో, హార్మోనియం కనపడే చోట, రెండో కుర్చీ మీద రుమాలు వేశా.